సాంస్కృతిక విధానము: ఆచార్య పదవికి అడవిదారి

శ్రీరామనవమినాడు భద్రాచలమున జరుగు కల్యాణమునకు ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు పంపుట తానీషా కాలమునాటి ఆచారమని ప్రతీతి. 2014లో రాష్ట్రము విడిపోయి భద్రాద్రి తెలంగాణమున నిలువగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మరుసటి ఏటినుండి తన అధికారిక కల్యాణమును ఒంటిమిట్టలో జరిపించుచున్నది. ఏ ఉత్సవమునకు ఏ ఖజానా వ్యయము చేయవలెను, ఏ కళకు ఎవరు బిరుదమీయవలెను అను ప్రశ్నలను రాజనీతిశాస్త్ర దృష్టితో విచారించుటయే సాంస్కృతిక విధానాధ్యయనము.

ఈ విద్య నభ్యసింపగోరు ఖమ్మం విద్యార్థికి పరిశోధనాక్షేత్రము ఇంటిముంగిటనే కలదు. 1959లో తూర్పుగోదావరినుండి ఖమ్మంలో చేరిన భద్రాచలం సీమలో చింతూరు, కూనవరం మొదలగు మండలములు పోలవరము ప్రాజెక్టు నిమిత్తము 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. రామాలయము తెలంగాణమున నుండగా, స్వామివారి భూములు పెక్కు పురుషోత్తపట్నమున ఆవలి రాష్ట్రమున నున్నవి. మణుగూరు ప్రాంతపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించినది. అయినను సమ్మక్క సారలమ్మల కథను డోలు వాయించుచు పాడుట నేర్చు నేటి బాలునికి జీవిక చూపు బాధ్యత ఏ శాఖదో, సంప్రదాయమును కాపాడు అధికారమును గ్రామసభకిచ్చిన 1996 నాటి పెసా చట్టము ఆచరణలో ఎంతవరకు నడచినదో తేల్చువాడే సిసలైన పరిశోధకుడు.

ఇక మార్గము. డిగ్రీ పిమ్మట సీపీగెట్ వ్రాసి ఉస్మానియా, కాకతీయలలోగాని, సీయూఈటీ ద్వారా హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమునగాని ఎం.ఏ. చేయవచ్చును. 55 శాతము మార్కులు, నెట్ లేక సెట్ అసిస్టెంట్ ప్రొఫెసరు పదవికి సామాన్యముగా కావలసిన అర్హతలు. ఎస్సీ, ఎస్టీలకును అర్హులైన ఓబీసీలకును మార్కులలో 5 శాతము సడలింపు గలదు. జేఆర్‌ఎఫ్ సాధించినవారికి పరిశోధనాకాలపు తొలి రెండేండ్లు నెలకు 37,000 రూపాయల భృతి లభించును. యూజీసీ ఏడవ వేతనక్రమమున అసిస్టెంట్ ప్రొఫెసరు మూలవేతనము 57,700తో మొదలగును. పీహెచ్‌డీ, పదేండ్ల అనుభవము, పది పరిశోధన వ్యాసములు మొదలగునవి గలవారు 1,44,200 మూలవేతనముతో ప్రొఫెసరు పదవికి పోటీపడవచ్చును.

సాంస్కృతిక విధానమునకే ప్రత్యేకించిన ఖాళీలు అరుదు. రాజనీతిశాస్త్ర అధ్యాపకుడుగా చేరి, రాజ్యాంగమును బోధించుచునే, పరిశోధనచేత ఈ ప్రత్యేకతను సంపాదింపవలయును. నోటిఫికేషన్లు ఆలస్యమగుట సాధారణము కనుక జూనియర్ లెక్చరరు పరీక్షలకును సిద్ధపడుట వివేకము. కోయభాష వచ్చినవారు దానిని చిన్నచూపు చూడక పరిశోధనకు సాధనముగా గ్రహింపవలయును. రానివారు పీహెచ్‌డీలో చేరకమునుపే నేర్చికొనవలయును. జీవోల భాషను, గూడెపు భాషను రెంటిని చదువగలవానికే ఈ సీమలో సమగ్రమైన సిద్ధాంతవ్యాసము సాధ్యమగును.