ధ్రువాల చీకట్లో నీటి ఆవిరి

ప్రశ్న: దక్షిణ ధ్రువంలో ఆరు నెలలు చీకటే కదా. అక్కడ ఇరవై కిలోమీటర్ల ఎత్తున నీటి ఆవిరి ఎంత ఉందో ఉపగ్రహానికి ఎలా తెలుస్తుంది?
— డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: చాలా మంచి ప్రశ్నమ్మా. సూర్యకాంతి మీద ఆధారపడి కొలిచే పరికరాలకు నిజంగానే అది చిక్కు. కానీ నీటి అణువులకు ఎవరి వెలుగూ అక్కర్లేదు. వాటిలోని వేడి వల్ల అవే 183 గిగాహెర్ట్జ్ దగ్గర సన్నని మైక్రోవేవ్ తరంగాలను వెదజల్లుతుంటాయి. నాసా 2004 జూలైలో పంపిన ఆరా ఉపగ్రహంలోని ఎం.ఎల్.ఎస్. పరికరం పట్టుకునేది వీటినే.

ఇది కిందికి చూడదు. ముందుకు, భూమి అంచు వైపు చూస్తుంది. నేల దగ్గర మొదలుపెట్టి యాంటెన్నా చూపును మెల్లగా పైకి జరుపుతూ సుమారు 25 సెకన్లకు ఒకసారి గాలి పొరలన్నిటినీ తడుముతుంది. అలా రోజుకు దాదాపు 3,500 సార్లు, 82 డిగ్రీల అక్షాంశం దాకా. కింద గాలి ఒత్తిడి ఎక్కువ, అణువులు ఒకదానికొకటి తగులుతుంటాయి కాబట్టి వర్ణపటంలో ఆ తరంగాల గీత వెడల్పుగా పరుచుకుంటుంది; పైకి పోయేకొద్దీ సూదిలా సన్నబడుతుంది. ఆవిరి ఏ ఎత్తున ఎంత ఉందో ఆ గీత ఆకారమే పట్టిస్తుంది. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

ప్రశ్న: అంత పైన ఉండే ఆవిరే కొద్ది. దాన్ని కొలిచి ఏం లాభం?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: కొద్దే మాస్టారూ. వానాకాలంలో మన కోస్తా గాలిలో పది లక్షల అణువులకు ముప్ఫై వేల దాకా నీటివి ఉంటే, అంత పైన, అంటే స్ట్రాటోస్ఫియర్‌లో నాలుగైదే. ఉష్ణమండలం మీదుగా పైకెక్కే గాలి సుమారు మైనస్ 80 డిగ్రీల చలిని దాటాలి; తేమ చాలావరకు అక్కడే గడ్డకట్టి రాలిపోతుంది.

ఆ నాలుగైదే అంటార్కిటికా చలికాలంలో మంచు మేఘాలవుతాయి. పెద్ద పలుకులు కిందికి జారిపోవడంతో ఆవిరి సగానికి తగ్గడం ఎం.ఎల్.ఎస్. ఏటా చూస్తూ వచ్చింది. ఆ మేఘాల రేణువుల మీదే క్లోరిన్ చురుకైన రూపంలోకి మారుతుంది. సెప్టెంబరులో ఎండ తగలగానే ఓజోన్‌ను తినేస్తుంది. అందుకే ఈ లెక్క కావాలి.

2022 జనవరి 15న టోంగా దగ్గర సముద్రంలోని అగ్నిపర్వతం పేలి, సుమారు 15 కోట్ల టన్నుల నీటిని పైకి ఎగజిమ్మింది. స్ట్రాటోస్ఫియర్‌లో ఉన్న నీటిలో అది పదో వంతు. ఆ ఏడాది దక్షిణ ధ్రువం చుట్టూ తిరిగే సుడిగాలి వలయం అప్పటికే మూసుకుపోయి ఉండటంతో ఆవిరి లోపలికి చొరబడలేదు, 2023లో చేరింది. రోజువారీ కొలతలు లేకపోతే ఈ ప్రయాణం మనకు ఇంత వివరంగా తెలిసేది కాదు.

ప్రశ్న: ఆరా పాతబడిపోయిందంటున్నారు, నిజమేనా?
— ఇంజనీరు, విశాఖపట్నం

జవాబు: నిజమే. ఐదేళ్లు పనిచేస్తే చాలనుకున్నది ఇరవై ఏళ్లు దాటింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద సేజ్-3 అనే పరికరం కూడా ఆవిరిని కొలుస్తోంది. కానీ ఆ కేంద్రం దారి ధ్రువాల మీదుగా పోదు, పైగా సేజ్-3కి సూర్యుడు కావాలి. ధ్రువపు చలికాలానికి అది ఆరా స్థానాన్ని భర్తీ చేయలేదు.