వింటి మందు

'టాక్సిక్' అనే ఆంగ్ల పదం విద్యార్థులకు సుపరిచితమే. విషపూరితమని దాని అర్థం. కర్మాగారాల వ్యర్థాలకే కాక, మనుషుల మధ్య చెడిన సంబంధాలకు కూడా ఈ మాటను వాడుతున్నారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల వారు 2018లో దీనినే ఆ సంవత్సరపు పదంగా ఎంపిక చేశారు. అయితే ఈ పదం పుట్టుకలో విషం ప్రసక్తి లేదు.

ప్రాచీన గ్రీకు భాషలో 'టాక్సాన్' అంటే విల్లు. 'టాక్సికాన్' అంటే వింటికి సంబంధించినది. బాణాల మొనలకు పూసే విషాన్ని గ్రీకులు 'టాక్సికాన్ ఫార్మకాన్' అన్నారు. తెలుగులో చెప్పుకుంటే వింటి మందు. కాలక్రమంలో రెండవ పదం జారిపోయింది. మిగిలిన విశేషణమే విషానికి పేరై, లాటిన్ మీదుగా 17వ శతాబ్దంలో ఆంగ్లాన్ని చేరింది. రోజర్ ఆస్కమ్ విలువిద్యను గురించి 1545లో వెలువరించిన గ్రంథం పేరు 'టాక్సాఫిలస్'. విల్లును ప్రేమించేవాడని దాని భావం. అక్కడ ఇంకా పాత అర్థమే నిలిచి ఉంది. ఇక 'టాక్సిన్' అన్నది 19వ శతాబ్ది చివర ఏర్పడిన శాస్త్ర పదం. జీవుల శరీరంలో తయారయ్యే విషాన్నే శాస్త్రజ్ఞులు ఆ పేరుతో పిలుస్తారు. మనిషి తయారుచేసిన రసాయనాలు ఆ కోవకు రావు.

సంస్కృతంలోనూ ఇటువంటిదే జరగడం విశేషం. విషం పూసిన బాణాన్ని అమరకోశం 'దిగ్ధం' అంటుంది. ఆ మాటకు అసలు అర్థం పూయబడినది అని మాత్రమే. ఏమి పూశారో పేరు చెప్పదు! యుద్ధంలో అటువంటి బాణాలు వాడరాదని మనుస్మృతి నిషేధించింది.

జారిపోయిన 'ఫార్మకాన్' సంగతి మరింత ఆసక్తికరం. గ్రీకులో దానికి ఔషధం, విషం, వశీకరణ ద్రవ్యం అనే అర్థాలన్నీ ఉన్నాయి. మన 'మందు' అచ్చంగా దానికి తోబుట్టువు. రోగిని బతికించేది మందు, తుపాకిలో కూరేది మందు, తాగి తూలేది మందు, వశపరచుకోవడానికి పెట్టేదీ మందే. ఆంగ్లంలో ఫార్మసీ ఒక దారిన, టాక్సిక్ మరొక దారిన విడిపోయాయి. తెలుగులో ఆ విభజన జరగలేదు.

1971 నాటి కీటకనాశినుల నిబంధనల ప్రకారం డబ్బాలపై తీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల గుర్తులుంటాయి. ఎరుపు గుర్తున్న డబ్బాపై పుర్రె, ఎముకల బొమ్మ వేసి విషమని రాస్తారు. అదే డబ్బా పొలం గట్టుకు చేరేసరికి 'పురుగుల మందు' అవుతుంది. చేలో మందు కొడుతున్నామనే అంటారు గాని, విషం చల్లుతున్నామని ఎవరూ అనరు. ముక్కుకు గుడ్డయినా కట్టుకోని వారు ఎందరో.