ఎస్‌ఈలినక్స్ ఆపేసే ముందు ఒక్క నిమిషం

లినక్స్ అడ్మిన్ ఉద్యోగానికి వచ్చే ఫ్రెషర్లను నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అపాచీ నడుస్తోంది. ఫైలు ఉండాల్సిన చోటే ఉంది, పర్మిషన్లూ సరిగ్గానే ఉన్నాయి. అయినా బ్రౌజర్‌లో 403 వస్తోంది. ఏం చేస్తావు?" చాలామంది ఆలోచించకుండా చెప్పే జవాబు: "సెట్‌ఎన్‌ఫోర్స్ 0 కొడతాను సార్." అంటే ఎస్‌ఈలినక్స్ కాపలాను పక్కన పెట్టేయడం. పేజీ తెరుచుకుంటుంది, నిజమే. తాళం తిరగడం లేదని తలుపే ఊడబీకితే ఇల్లూ తెరుచుకుంటుంది.

అసలు జరిగింది వేరు. ఆ ఫైలును ఎవరో తమ హోమ్ డైరెక్టరీలో తయారుచేసి, ఎంవీ కమాండ్‌తో వెబ్ డైరెక్టరీలోకి తెచ్చారు. చోటు మారింది గానీ ఎస్‌ఈలినక్స్ లేబుల్ మారలేదు. ఎల్‌ఎస్‌కు పెద్ద 'జెడ్' ఆప్షన్ ఇచ్చి చూస్తే పాత లేబులే కనిపిస్తుంది. రీస్టోర్‌కాన్ ఒక్కసారి నడిపితే చాలు. లేబుల్ సరవుతుంది, కాపలా కూడా అలాగే ఉంటుంది. ఈ మాట చెప్పగలిగినవాళ్లను మార్కుల లిస్టు చూడకుండానే తర్వాతి రౌండ్‌కు పంపుతాను.

అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000లో ఎస్‌ఈలినక్స్‌ను అందరికీ విడుదల చేసింది. వెబ్ సర్వర్‌లో ఏదో లోపం పట్టుకుని ఒకడు లోపలికి దూరినా, మిగతా సిస్టమ్ వాడి చేతికి చిక్కకూడదన్నదే దాని ఉద్దేశం. ఉబుంటులో ఆ పని యాప్‌ఆర్మర్ చూసుకుంటుంది.

ఎస్‌ఈలినక్స్ అయినా, లాగిన్ భద్రత అయినా పుస్తకంతో రాదు. క్లౌడ్‌లో ఓ చిన్న ఉబుంటు సర్వర్ తీసుకుని, ఎస్‌ఎస్‌హెచ్ కీ లాగిన్ పెట్టుకుని, ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నే ఆత్ డాట్ లాగ్ తెరవండి. రూట్, అడ్మిన్, టెస్ట్ లాంటి పేర్లతో ఎక్కడెక్కడి ఐపీల నుంచో తలుపు తట్టిన జాడలు వరసగా కనిపిస్తాయి. రూట్ లాగిన్, పాస్‌వర్డ్ లాగిన్ ఎందుకు ఆపాలో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడో చిక్కుంది. ఎస్‌ఎస్‌హెచ్ మెయిన్ కాన్ఫిగ్ ఫైల్లో పాస్‌వర్డ్ లాగిన్‌కు 'నో' అని రాసినా ఒక్కోసారి అది పనిచేస్తూనే ఉంటుంది. క్లౌడ్ ఇమేజ్‌తో వచ్చిన మరో చిన్న ఫైల్లో 'యెస్' ఉంటే, ముందు చదివేది దాన్నే కాబట్టి ఆ మాటే చెల్లుతుంది. అందుకే రాసినదాన్ని నమ్మకండి. ఎస్‌ఎస్‌హెచ్‌డీకి పెద్ద 'టీ' ఆప్షన్ ఇచ్చి, నిజంగా అమల్లో ఏముందో చూడండి. తెరిచి ఉన్న సెషన్ మూయకుండా, రెండో విండోలో లాగిన్ అయ్యి నిర్ధారించుకోండి.

రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ సర్టిఫికేషన్ మంచిదే. అందులో పరీక్షంతా మెషీన్ మీద చేసి చూపించేదే, ఎస్‌ఈలినక్స్ కూడా సిలబస్‌లో ఉంటుంది. దాంతోపాటు భద్రతా సెట్టింగుల జాబితా అయిన సీఐఎస్ బెంచ్‌మార్క్ ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోండి. ఒక్కో సెట్టింగ్ ఎందుకు పెట్టాలో, పెడితే ఏ పని దెబ్బతింటుందో అందులో రాసి ఉంటుంది. లెవెల్ 1తో మొదలుపెట్టండి. అన్నీ ఒక్కసారే స్క్రిప్టుతో రుద్దేయకుండా ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఏది పెట్టారు, ఏది వదిలేశారు, ఎందుకు అన్నది ఓ నోట్సులో రాసుకోండి.

ఇంటర్వ్యూకు ఆ నోట్సు తెచ్చుకుంటే, నేను మొదట అడిగేది మీరు వదిలేసిన సెట్టింగుల గురించే.