దిగుడులో ట్రాలీ నెడుతోందా?

ప్రశ్న: మాది వీపనగండ్ల. వడ్ల బస్తాలతో పెబ్బేరు వైపు వెళ్తుంటే, దిగుడులో బ్రేకు వేయగానే ట్రాలీ వెనక నుంచి నెడుతోంది. ఒక్కోసారి ట్రాక్టర్ పక్కకు లాగుతోంది. ఏం చేయాలండీ?
– ఒక రైతు

జవాబు: మన దగ్గర చాలా ట్రాలీలకు బ్రేకులుండవు. ఆ బరువంతా ట్రాక్టర్ వెనక చక్రాలే ఆపాలి.

ముందు బ్రేకు పెడళ్లు చూడండి. పొలంలో మలుపుల కోసం కుడి, ఎడమ విడివిడిగా తొక్కుతాం. రోడ్డెక్కేముందు రెండింటినీ కలిపే గొళ్లెం తప్పక వేయాలి. లేకపోతే ఒక్క చక్రమే ఆగి బండి పక్కకు తిరుగుతుంది. గొళ్లెం వేసినా లాగుతుంటే రెండు బ్రేకులూ సమానంగా పట్టేలా మెకానిక్‌తో సరిచేయించండి.

దిగుడుకు ముందే చిన్న గేరులోకి మారండి. న్యూట్రల్‌లో వదలొద్దు, క్లచ్ తొక్కి పట్టొద్దు. వేగం రెట్టింపైతే, ఆగడానికి బ్రేకు మోయాల్సిన శక్తి నాలుగింతలవుతుంది.

రెండు చక్రాల ట్రాలీలో బస్తాల బరువు ఇరుసుకు కాస్త ముందువైపు ఉండాలి. వెనక ఎక్కువైతే హుక్కు పైకి లేచి, ట్రాక్టర్ చక్రాలకు పట్టు తగ్గుతుంది. హుక్కు పిన్నుకు క్లిప్పు పెట్టి, గొలుసు కూడా కట్టండి. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కేవారు ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు, లైట్లు లేకుండా రాత్రిపూట కదలొద్దు.

బస్తాల మీద మనుషుల్ని మాత్రం కూర్చోబెట్టొద్దు. 2018 జూన్‌లో వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. కూలీలను ఆటోలోనో బస్సులోనో పంపండి. ఆ ఖర్చుకు వెనకాడకండి.