అభిరుచి నుండి అంగడికి

ఎలక్ట్రానిక్ పరికరాన్ని ఇంట్లో తయారు చేయడం ఒక విద్య, దానిని అమ్మడం మరొక విద్య. ఈ రెండింటి నడుమనున్న దూరాన్ని అమెరికాలో పుట్టిన ఆపిల్-1 కంప్యూటర్ చరిత్ర ద్వారా మనం పరిశీలిద్దాం.

1975లో కాలిఫోర్నియాలో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ అనే ఔత్సాహికుల సంఘం ఏర్పడింది. అందులో సభ్యుడైన స్టీవ్ వోజ్నియాక్ తాను రూపొందించిన కంప్యూటర్ సర్క్యూట్ పటాలను తోటివారికి ఉచితంగా పంచిపెట్టాడు. అయితే పటం చూచి తీగలన్నీ కలుపుకొనే తీరిక అందరికీ ఉండదు. అందుచేత సర్క్యూట్ బోర్డులను చేయించి అమ్ముదామని మిత్రుడు స్టీవ్ జాబ్స్ సూచించాడు. పెట్టుబడి కోసం జాబ్స్ తన వ్యానును, వోజ్నియాక్ తన కాలిక్యులేటర్‌ను అమ్ముకున్నారు.

1976లో పాల్ టెరెల్ అనే దుకాణదారు 50 కావాలన్నాడు. కాని ఖాళీ బోర్డులు తనకు అక్కరలేదని, భాగాలన్నీ బిగించి ఇస్తే ఒక్కొక్కదానికి 500 డాలర్లు చెల్లిస్తానని నిబంధన పెట్టాడు. మిత్రులు భాగాలను 30 రోజుల అరువుకు తెచ్చి, బిగించి, పరీక్షించి అప్పగించారు. దుకాణంలో వెల 666.66 డాలర్లు, అంటే కొన్న ధరపై మూడవ వంతు అదనం.

ఇందులో మనం గ్రహించవలసినవి రెండు. మొదటిది, కొనేవాని అవసరమే వస్తువు రూపాన్ని నిర్ణయిస్తుంది. రెండవది, భాగాల ఖరీదు ఒక్కటే వెల కాదు; కూలి, చెడిపోయిన బోర్డులు, దుకాణదారు వంతు, అరువు గడువు అన్నీ లెక్కకు రావాలి. మన విద్యార్థులలో సాల్డరింగ్ నేర్చినవారు ఉన్నారు. ఈ లెక్క కాగితంపై వేసుకొన్న తరువాతనే వారు బేరానికి దిగాలి. లేకుంటే నైపుణ్యం ఉండి కూడా అప్పే మిగులుతుంది.