పైన్ సరకు ఏ అడవిది? వర్తకులు గుర్తించవలసిన నాలుగు రకాలు

(వాణిజ్య విలేఖరి)

రోజిన్, టర్పెంటైన్, ఆకుపత్రి, అక్రోటు మన బజారులో వేర్వేరు సరకులు. హిమాలయాలలో మాత్రం ఇవి పైన్, వెడల్పాకు చెట్లు కలిసి పెరిగే కొండవాలుల నుంచే వస్తాయి. వ్యాపార పరిభాషలో పైన్ మెత్త కలప, వెడల్పాకు చెట్లది గట్టి కలప. ఈ మిశ్రమ అడవులలో ముఖ్యమైనవి నాలుగు రకాలు.

1. చీడ్ పైన్ - సాల్: సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. సాల్ అంటే ఉత్తరాంధ్ర మన్యంలోనూ పెరిగే గుగ్గిలం చెట్టే. రెండు చెట్లూ బంక ఇస్తాయి. కాని సాల్ బంక ధూపానికి వాడే గుగ్గిలం. చీడ్ బంకను బట్టీ పట్టితే నూటికి సుమారు 70 పాళ్లు రోజిన్, 15 నుంచి 20 పాళ్లు టర్పెంటైన్ వస్తాయి. కాగితం, వార్నిషు, సబ్బు పరిశ్రమలకు కావలసినది రోజిన్. ఒకదానికి బదులు మరొకటి చెల్లదు.

2. చీడ్ - బాంజ్ ఓక్: 1,500 మీటర్లకు పైన ఉంటుంది. ఎర్రపూల బురాంశ్, కాఫల్ పండ్ల చెట్లు తోడుంటాయి. చెమ్మగల నీడ లోయలలో ఆకుపత్రి చెట్టు పెరుగుతుంది. బాంజ్ కలప వంకరపోయి పగులుతుంది గనుక కోతమిల్లుకు పనికిరాదు. వంటచెరకు, బొగ్గు, నాగలి పనిముట్లకు పోతుంది.

3. కైల్ - ఓక్: ఇంకా ఎత్తైన చలిప్రాంతాలది. దేవదారు, అక్రోటు, మేపుల్ కనిపిస్తాయి.

4. ఖాసీ పైన్ - ఓక్: మేఘాలయ తదితర ఈశాన్య కొండలది.

వర్తకులు కనిపెట్టవలసినది రెండవ రకాన్ని. బంక గీత మార్చిలో మొదలవుతుంది. ఏప్రిల్ నుంచి వానలు పడేవరకు ఎండిన పైన్ సూదులకు నిప్పంటుకొనే కాలం. గీసిన గాట్లలోని బంక రగిలి చెట్టు బోలుపోతుంది, గాలికి కూలుతుంది. దళసరి బెరడు వల్ల పెద్ద చీడ్ చాలవరకు తట్టుకొంటుంది గాని బాంజ్ మొలకలు బతకవు. పైగా పశువుల మేతకు నరికేది బాంజ్ కొమ్మలనే. అందువల్ల చీడ్ పైకి పాకుతున్నది, బాంజ్ తగ్గుతున్నది.

1981లో నాటి ఉత్తరప్రదేశ్ కొండలలో 1,000 మీటర్లకు పైన పచ్చి చెట్లు నరకడం నిషేధించారు. గొడ్డలి ఆగినా నిప్పు ఆగలేదు. చీడ్ పెరిగితే రోజిన్ రాబడి పెరుగుతుందని లెక్క వేయడం తొందరపాటు. చెమ్మను నిలిపే బాంజ్ పోతే నిప్పుకు అడ్డు తగ్గుతుంది. ఆకుపత్రికి నీడ కరువవుతుంది. రోజిన్ బేరం కుదుర్చుకొనే ముందు ధరతోపాటు ఆ కొండల వేసవి కబురు కూడా తెలుసుకోవడం మేలు.