సంఘం ఉత్తరాలు – కంప్యూటరులో తప్పొప్పులు సరిచూసుకొనే విధానం



ఇది కార్యదర్శులకు సంబంధించిన పాఠం గదా అని పేజీ తిప్పవద్దు. సంఘం కార్యాలయం నుండి బయటకు పోయే ప్రతి కాగితం మీద ఎవరో ఒక సభ్యుని పేరో, బ్యాంకు ఖాతా నంబరో, పశువు నంబరో ఉంటుంది. ఒకప్పుడు ఈ కాగితాలు కార్బను పెట్టి చేతితో వ్రాసేవారు. ఇప్పుడు చాలా సంఘాలలో వెన్న శాతం తీసే యంత్రం పక్కనే కంప్యూటరు కూడా చేరింది. వ్రాత అచ్చు వేసినట్లు అందంగా వస్తున్నది. అందంగా వచ్చిన కాగితాన్ని మళ్ళీ చదివేవారు తక్కువైనారు. చిక్కంతా అక్కడే వస్తున్నది.

నాకు ఎదురైన సంగతి ఒకటి చెబుతాను. నా పరిధిలోని ఒక సంఘంలో ఒక సభ్యురాలి ముర్రా గేదె వానకాలంలో చనిపోయింది. దానికి బీమా ఉన్నది. పశువైద్యుని ధ్రువపత్రం, పోస్టుమార్టం రిపోర్టు, చెవి ట్యాగు జతచేసి సంఘం తరఫున ఉత్తరం తయారుచేశారు. ఆ రోజు తనిఖీకి వెళ్ళి నేను అక్కడే ఉన్నాను. టైపు చేసే కుర్రవాడు 'గేద' అని కొడితే కంప్యూటరు దాని కింద ఎర్ర గీత గీసింది. 'గేదె' అని దిద్దాడు. 'ధృవపత్రం' కింద గీత పడింది. 'ధ్రువపత్రం' చేశాడు. ఇట్లా ఏడెనిమిది మాటలు దిద్ది, "ఎర్ర గీత ఒక్కటీ లేదు సార్" అన్నాడు. నేనూ పైపైన చూసి, అధ్యక్షులవారి సంతకం పెట్టించమన్నాను. చెవి ట్యాగు మీద 12 అంకెలు ఉంటాయని మీకు తెలుసు. ఉత్తరంలో పదో అంకె, పదకొండో అంకె తారుమారైనవి. ట్యాగు లేనిదే క్లెయిము లేదన్నది పశు బీమాలో మొదటి సూత్రం. ట్యాగు ఒకటి, ఉత్తరంలో నంబరు మరొకటి కావడంతో కాగితాలన్నీ తిరిగి వచ్చినవి. మళ్ళీ వ్రాసి పంపి, డబ్బు చేతికందేసరికి శీతకాలం గడిచిపోయింది. గేదెలు ఈని పాలు పొంగే కాలం అదే గదా. ఆ నాలుగు నెలలు ఆమె పాలు పోయకుండానే పాత గేదె అప్పుకు వడ్డీ కట్టింది.

కాగితాలు తిరిగి వచ్చిన రోజున ఆమె నాతో అన్నమాట ఇది: "సారూ, నా బర్రె చెవి నంబరు ఆఖరి నాలుగంకెలు నాకు యాదికున్నయి. ఒక్కపారి సదివి ఇనిపిస్తే అప్పుడే చెప్తుంటి గదా." నా దగ్గర జవాబు లేదు. తప్పు కుర్రవానిది కొంత, చూసి వదిలిన నాది ఎక్కువ.

కంప్యూటరు ఆ తప్పును ఎందుకు పట్టుకోలేదు? పట్టుకోవడం దాని పని కాదు గనుక. ఇది అర్థం కావాలంటే ఆ సాధనం ఎట్లా పనిచేస్తుందో కొంచెం తెలియాలి.

అక్షర దోషాలు చూసే కంప్యూటరు సాధనాలలో తొలినాటిదాన్ని 1971లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ గోరిన్ అనే ఆయన వ్రాశాడు. టైపు చేస్తుండగానే కింద ఎర్ర గీత పడే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ వర్డులో 1995లో వచ్చింది. అప్పటికీ ఇప్పటికీ మూల సూత్రం ఒకటే. యంత్రం లోపల మాటల జాబితా ఒకటి ఉంటుంది. మనం కొట్టిన మాట ఆ జాబితాలో ఉంటే ఊరుకుంటుంది, లేకపోతే గీత గీస్తుంది. మాట ఆ చోట సరిపోయిందా లేదా అన్నది దానికి పట్టదు. ఇక అంకెలకు జాబితాయే లేదు. పన్నెండు అంకెలు ఏ వరుసలో కొట్టినా దానికి ఒకటే.

దీనిని మన లాక్టోమీటరుతో పోల్చి చూడండి. పాలలో నీళ్ళు కలిపితే రీడింగు పడుతుంది. వెన్న తీస్తే రీడింగు పెరుగుతుంది. వెన్న తీసి ఆపైన లెక్కగా నీళ్ళు పోస్తే రీడింగు సరిగానే కనిపించవచ్చు. లాక్టోమీటరు చెడిపోయిందని దీని అర్థం కాదు. అది సాంద్రత ఒక్కటే చెబుతుంది, మిగతాది మనం వేరే పరీక్షతో తెలుసుకోవాలి. అందుకే వెన్న శాతం కూడా తీస్తున్నాము. ఎర్ర గీత కూడా అటువంటి ఒక్క పరీక్షే.

ఇక వాడుకొనే విధానం. వర్డులో కాగితం టైపు చేయడం పూర్తయిన తరువాత కీబోర్డు పై వరుసలోని ఎఫ్ 7 మీట నొక్కాలి. పైన 'రివ్యూ' అన్నచోట నొక్కి 'స్పెల్లింగ్ అండ్ గ్రామర్' ఎంచుకొన్నా అదే పని జరుగుతుంది. కొత్త వర్డులో 'ఎడిటర్' అనే పేరుతో కుడిపక్కన ఒక పలక తెరుచుకుంటుంది. తప్పనుకొన్న మాటలను యంత్రం ఒక్కొక్కటిగా చూపి, బదులు మాటలు సూచిస్తుంది. ఒక్క మాటనే చూడదలచుకుంటే దాని మీద మౌసు కుడి మీట నొక్కితే చాలు. సూచించినదానిలో మొదటి మాటను కళ్ళు మూసుకొని నొక్కడం మాత్రం ప్రమాదం. ఒక సంఘంలో బోనసు తీర్మానం చిత్తుప్రతిలో 'చెల్లించవలేను' అని పడింది. ఏత్వం తప్పు, గీత పడింది. సూచనలలో పైనున్న మాటను నొక్కితే 'చెల్లించవలదు' అయింది. గీత పోయింది, తీర్మానం తిరగబడింది! మినిట్సు పుస్తకంలోకి ఎక్కకముందే ఒక పాలకవర్గ సభ్యుడు చదివి నవ్వాడు గనుక సరిపోయింది.

'ఇగ్నోర్' అంటే ఈ ఒక్కచోట వదిలేయమని. 'ఇగ్నోర్ ఆల్' అంటే ఆ మాటను ఈ కాగితమంతటా వదిలేయమని. 'చేంజ్ ఆల్' అంటే కాగితమంతటా మార్చమని. పాలు పోసేవారి జాబితా ఇంగ్లీషులో టైపు చేసినప్పుడు 'చేంజ్ ఆల్' ముట్టుకోవద్దని నా ఖచ్చితమైన సలహా. మన పేర్లు యంత్రానికి తెలియవు. ఒక చంద్రయ్యను చంద్రగా మారిస్తే జాబితాలోని చంద్రయ్యలందరూ చంద్రలవుతారు. బ్యాంకు పాసుపుస్తకంలోని పేరుకు, మన పేరుకు పొంతన కుదరక ఆ పక్షం పాల డబ్బు ఆగిపోతుంది.

వర్డులో ఇంకొక ఏర్పాటు చాలామందికి తెలియదు. ఇంగ్లీషులో అన్నీ పెద్దక్షరాలతో కొట్టిన మాటలను, అంకెలు కలిసిన మాటలను చూడకుండా వదిలేయమని అది ముందే అమర్చి ఉంటుంది. మనవాళ్ళకు పేర్లు, శీర్షికలు అన్నీ పెద్దక్షరాలలోనే కొట్టే అలవాటు. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్ అన్నచోటికి పోయి ఆ టిక్కు గుర్తులు తీసివేస్తే అప్పుడు అవి కూడా పరీక్షకు వస్తాయి.

తెలుగు సంగతి వేరుగా చెప్పుకోవాలి. ముందుగా, ఆ కాగితం భాష తెలుగు అని యంత్రానికి చెప్పాలి. రివ్యూలో 'లాంగ్వేజ్', అందులో 'సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్' నొక్కి తెలుగు ఎంచుకోవాలి. అక్కడే 'డు నాట్ చెక్' అనే గడి ఉంటుంది. దానిలో టిక్కు ఉంటే యంత్రం ఏమీ చూడదు, గీతా పడదు. తెలుగు సాధనం కంప్యూటరులో చేర్చి లేకపోయినా అంతే. కాబట్టి గీత లేదంటే తప్పు లేదనే అనుకోరాదు, అసలు పరీక్షే జరగలేదేమో చూసుకోవాలి. దీనికి సులువైన ఉపాయం ఉన్నది. లాక్టోమీటరును మంచినీళ్ళలో వేసి సున్నా చూపుతుందో లేదో చూస్తాము గదా. అట్లాగే కాగితం చివర 'ఖఘఖఘ' అని అర్థం లేని మాట ఒకటి కొట్టండి. గీత పడితే యంత్రం మేలుకొని ఉన్నట్లు. తరువాత ఆ మాట చెరిపివేయండి.

డబ్బు పెట్టి వర్డు కొనలేని సంఘాలు లిబ్రె ఆఫీసు అనే ఉచిత సాధనం వాడుకోవచ్చు. అందులోనూ ఎఫ్ 7 మీటే. దానిలో అక్షర దోషాలు చూసే హన్‌స్పెల్ అనే సాధనాన్ని మొదట హంగేరీ భాష కోసం తయారుచేశారు. హంగేరీ భాషలో కూడా మన తెలుగులాగే మాట చివర ప్రత్యయాలు వచ్చి అతుక్కుంటాయి. గేదె, గేదెను, గేదెలకు, గేదెలతో, గేదెలలోని, గేదెలదైతే – ఒక్క మాటకు ఎన్ని రూపాలో చూడండి. దానికి సంధి తోడైతే 'పాలుపోసినవారికందరికీ' అన్నంత పొడుగు మాట తయారవుతుంది. ఇవన్నీ ఏ జాబితాలోనూ పట్టవు. అందుచేత తెలుగులో సరైన మాటల కింద కూడా గీతలు పడుతుంటాయి. భయపడనక్కరలేదు. పొడుగు మాటను విడదీసి వ్రాస్తే గీత పోతుంది, చదివేవారికీ సుఖం. 'బర్రె', 'ఎనుము' అన్న మాటలకు గీత పడితే అది యంత్రానికి మన ఊళ్ళు తెలియకపోవడమే గాని మీ తెలుగు తప్పు కాదు.

కాగితమంతా ఎర్ర గీతలతో నిండిపోతే మాత్రం కారణం వేరు. కరపత్రాలు వేసే డి.టి.పి. దుకాణాలలో ఏళ్ళ తరబడి అను ఫాంట్లు వాడుతూ వచ్చారు. వాటిలో కంటికి కనిపించేది తెలుగే అయినా లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల గుర్తులే. యంత్రం లోపలి గుర్తులనే చదువుతుంది గాని మన కంటితో చూడదు. అటువంటి కాగితాన్ని సరిచూడడం దానికి సాధ్యం కాదు. యూనికోడు పద్ధతిలో టైపు చేసిన తెలుగుకే ఈ పరీక్ష పనిచేస్తుంది. కొత్తగా టైపు నేర్చుకొనే పిల్లలకు యూనికోడే నేర్పించడం మేలు.

వ్యాకరణం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. వర్డులో వ్యాకరణ పరీక్ష ఇంగ్లీషుకు ఉన్నది, తెలుగుకు లేదు. బ్యాంకుకో, బీమా కంపెనీకో ఇంగ్లీషులో వ్రాసినప్పుడు నీలం రంగు గీతలు పడితే చూడండి, ఏకవచనం బహువచనం తప్పులు బాగానే పట్టుకుంటుంది.

సంఘంలో రోజూ వాడే మాటలు – ఊరి పేరు, కేంద్రం పేరు, దాణా రకాలు – ప్రతిసారీ గీత పడకుండా 'యాడ్ టు డిక్షనరీ' నొక్కి జాబితాలో చేర్చుకోవచ్చు. ఇది చాలా ఉపయోగం. అయితే చేర్చేముందు ఆ మాటను రిజిస్టరులో చూసి నిర్ధారించుకోవాలి. తప్పు రూపం ఒకసారి చేరిందంటే ఇక యంత్రం దానిని ఎన్నడూ ప్రశ్నించదు. పొరపాటున చేరితే ప్రూఫింగ్ అన్నచోటనే 'కస్టమ్ డిక్షనరీస్' తెరిచి, 'ఎడిట్ వర్డ్ లిస్ట్'లో ఆ మాటను తీసివేయవచ్చు.

పాతకాలపు అలవాటు ఒకటి కంప్యూటరుతో పోయింది. కాగితం మీద కొట్టివేత ఉంటే పక్కన పొట్టి సంతకం పెట్టేవారము. ఎవరు దిద్దారో తెలిసేది. కంప్యూటరులో దిద్దితే జాడ మిగలదు. అందుకని తీర్మానాల చిత్తుప్రతులు దిద్దేటప్పుడు రివ్యూలోని 'ట్రాక్ చేంజెస్' నొక్కి ఉంచండి. ఏ మాట తీసి ఏ మాట పెట్టారో రంగులో కనిపిస్తుంది. అధ్యక్షులు చూసి ఒప్పుకొన్న తరువాతనే 'యాక్సెప్ట్' నొక్కాలి. ఆడిటుకు వచ్చే మావంటివారికి కూడా పని తేలిక.

ఇన్ని చేసినా అంకెలు, పేర్లు మిగిలే ఉంటాయి. వాటికి మనుషులిద్దరు కావాలి. ఒకరు అసలు రిజిస్టరు లేదా పాసుపుస్తకం పట్టుకోవాలి, మరొకరు కంప్యూటరులోనిది పైకి చదవాలి. అంకెలు ఒక్కొక్కటిగా చదవాలి గాని వేలు, లక్షలుగా కాదు. వెన్న 6.5 అన్నది 5.6 అయితే కన్ను జారిపోతుందేమోగాని చెవి పట్టుకుంటుంది. సభ్యులు కూడా తమ పేరు మీద పోయే ఉత్తరాన్ని చదివి వినిపించమని అడగవచ్చు. అడగడం మీ హక్కు, కార్యదర్శి తప్పుగా అనుకోరాదు.

నేను చెప్పిన ఆ సభ్యురాలు బీమా డబ్బుతో మళ్ళీ గేదెను కొన్నది. దానికి బీమా చేయించే దరఖాస్తు తయారైన రోజున కుర్చీ దగ్గరకు లాక్కొని, రెండుసార్లు చదివించుకొన్నది. ట్యాగు నంబరు సరిగానే ఉన్నది. రెండోసారి చదివేటప్పుడు ఊరి పేరులో దీర్ఘం ఒకటి ఎక్కువ పడినట్లు కుర్రవాడే గమనించాడు. దాని కింద ఎర్ర గీత లేదు. ఎప్పుడో ఒకనాడు ఆ తప్పు మాటనే ఎవరో డిక్షనరీలో చేర్చి ఉంచారు.